లాక్‌డౌన్ నష్టాన్ని ఎవరి ఖాతాలో రాయాలి?

2020 మార్చి నెలాఖరులో షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన మైకేల్ గ్రీన్‌స్టోన్, విశాల్ నిగమ్ ఒక లెక్క కట్టారు. అమెరికాలో మూడు నాలుగు నెలల పాటు ఓ మోస్తరుగా భౌతిక దూరం పాటిస్తే అక్టోబరు 1 నాటికి 17 లక్షల ప్రాణాలు దక్కుతాయని, వాటి విలువ దాదాపు 8 లక్షల కోట్ల డాలర్లు ఉంటుందని తేల్చారు. అదే ఏడాది బ్రిటన్‌లో డేవిడ్ మైల్స్ అనే ఆర్థికవేత్త మరో ఇద్దరితో కలిసి తమ దేశపు లాక్‌డౌన్‌కు లెక్క కట్టారు. ఆయన ఒకప్పుడు బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌లో వడ్డీ రేట్లు నిర్ణయించే కమిటీ సభ్యుడు. దక్కిన ప్రాణాల విలువ కంటే పోయిన ఆదాయమే చాలా ఎక్కువని ఆయన బృందం చెప్పింది.

రెండు బృందాలూ కూడికలు సరిగ్గానే చేశాయి. తేడా చాలా మటుకు మనిషి ప్రాణానికి వేసిన ధరలో ఉంది.

అమెరికా ప్రభుత్వ శాఖలు అప్పట్లో ఒక ప్రాణానికి సుమారు కోటి డాలర్లు వేసుకునేవి. ఈ అంకె ఎలా వచ్చిందో చూస్తే ఆసక్తిగా ఉంటుంది. పది వేల మందిలో ఏటా ఒకరు చనిపోయే ప్రమాదమున్న పనికి ఒక్కో కార్మికుడు ఏడాదికి వెయ్యి డాలర్లు అదనంగా అడుగుతున్నాడనుకోండి. పది వేల మంది అడిగిన మొత్తం కలిపితే కోటి డాలర్లు. అదే ఒక ప్రాణం ధర. బ్రిటన్ ఆరోగ్య వ్యవస్థ లెక్క వేరు. ఒక కొత్త మందుకు డబ్బు ఇవ్వాలా వద్దా అని తేల్చేటప్పుడు, మనిషికి ఆరోగ్యంగా బతికే ఒక్కో ఏడాది కలిసొస్తే 20 వేల నుంచి 30 వేల పౌండ్ల వరకు ఖర్చు పెట్టవచ్చని అప్పటికి ఎన్నో ఏళ్లుగా ఒక గీత గీసుకుని ఉన్నారు. మైల్స్ వాడింది ఆ గీతనే. ఇంకో పదేళ్లు బతికే వృద్ధుడి ప్రాణం ఆ లెక్కన 3 లక్షల పౌండ్లు దాటదు. అమెరికా లెక్కకూ దీనికీ ఇరవై రెట్లకు పైగా తేడా.

ఏది సరైనదంటే నా వరకు రెండూ ఈ పనికి పుట్టినవి కావు. మొదటిది రోడ్డు పక్కన రెయిలింగ్ వేయాలా, ఫ్యాక్టరీ పొగ మీద పరిమితి పెట్టాలా లాంటి చిన్న చిన్న ప్రమాదాల కోసం తయారైంది. రెండోది ముందే ఖరారైన బడ్జెట్‌లో ఏ మందు కొనాలన్న ప్రశ్న కోసం తయారైంది. దేశం మొత్తాన్ని ఇంట్లో కూర్చోబెట్టే నిర్ణయానికి ఈ కొలబద్దలు అలవాటు లేవు. పైగా వయసును బట్టి ప్రాణం ధర మార్చే ప్రయత్నం రాజకీయంగా ఎంత ప్రమాదమో అమెరికా పర్యావరణ సంస్థకు 2003లోనే తెలిసొచ్చింది. 70 ఏళ్లు దాటినవారి ప్రాణానికి 37 శాతం తక్కువ విలువ కట్టిన ఒక విశ్లేషణ బయటకు రాగానే వృద్ధుల సంఘాలు మండిపడ్డాయి. సంస్థ వెనక్కి తగ్గింది. కొవిడ్ ఎక్కువగా బలి తీసుకున్నది ఆ వయసువారినే కాబట్టి, అప్పుడు పక్కన పెట్టేసిన ప్రశ్న పదిహేడేళ్ల తర్వాత మళ్లీ వచ్చి కూర్చుంది.

ఖర్చు, లాభం అంటూ ఎవరు ఏ అంకె చెప్పినా ముందు అడగాల్సింది ఒకటే: దేనితో పోల్చి? నష్టాన్ని 2019 నాటి మామూలు రోజులతో పోల్చి చూపడం చాలా తేలిక. కానీ 2020లో ఏ ప్రభుత్వం ముందూ ఆ మామూలు రోజులు లేవు. ఉన్నది వైరస్‌తో పాటు ఆంక్షలా, వైరస్‌తో పాటు ఆంక్షలు లేకపోవడమా అన్న ఎంపిక మాత్రమే. ఈ రెండింటి మధ్య తేడా ఎంతో అదే విధానం ఖర్చు. మిగతాదంతా వైరస్ ఖాతాలో రాయాలి. చెప్పడానికి ఇంత తేలికైన విషయం చర్చల్లో తరచూ గల్లంతవుతుంది.

ఆ తేడాను నేరుగా పట్టుకోవడానికి షికాగోలోనే ఆస్టన్ గూల్స్‌బీ, చాడ్ సైవర్సన్ ఒక మంచి దారి వెతికారు. ఒకే ప్రాంతంలో పక్కపక్కనే ఉన్న రెండు కౌంటీల్లో (మన జిల్లాల లాంటివి) ఒకదానిలో ఇంట్లోనే ఉండమనే ఆదేశం వచ్చింది, రెండోదానిలో ఇంకా రాలేదు. రెండు చోట్లా వైరస్ భయం ఒకటే, టీవీ వార్తలు ఒకటే, మారింది చట్టం మాత్రమే. అలాంటి సరిహద్దుల్లోని దుకాణాలకు వచ్చే జనాన్ని సెల్‌ఫోన్ లొకేషన్ డేటాతో లెక్కపెట్టారు. దేశమంతటా 22 లక్షలకు పైగా వ్యాపారాల సమాచారం అది. కస్టమర్ల రాక మొత్తం 60 శాతం పాయింట్లు పడిపోయింది. అందులో చట్టం వల్ల పడింది 7 పాయింట్లే. మిగతా జనమంతా తమంతట తామే ఆగిపోయారు. ఆదేశాలు రాకముందే ఆగిపోవడం మొదలైంది, తమ దగ్గర మరణాలు ఎక్కువైన చోట మరింత ఆగిపోయారు. బయటికొచ్చినవాళ్లు కూడా కిక్కిరిసే పెద్ద దుకాణాలను వదిలి రద్దీ లేని చిన్నవాటికి మళ్లారు. ఆంక్షలు ఎత్తేశాక కూడా జనం ఒక్కసారిగా తిరిగి రాలేదు.

ఐరోపాలో ఇలాంటి పోలికకు డెన్మార్క్, స్వీడన్ దొరికాయి. డెన్మార్క్ 2020 మార్చిలో గట్టిగా మూసేసింది, స్వీడన్ చాలా వరకు తెరిచే ఉంచింది. రెండు దేశాల్లోనూ ఖాతాదారులున్న ఒక పెద్ద బ్యాంకు లావాదేవీలను నలుగురు పరిశోధకులు పరిశీలించారు. జనం ఖర్చు పెట్టడం డెన్మార్క్‌లో 29 శాతం తగ్గితే స్వీడన్‌లో 25 శాతం తగ్గింది. అంటే మూతపడినందుకు అదనంగా పడిన దెబ్బ 4 పాయింట్లు. ఆ అధ్యయనంలో నాకు ఇంకా ముఖ్యంగా తోచింది వయసుల వారీ లెక్క. పడుచువాళ్ల ఖర్చు డెన్మార్క్‌లో బాగా పడిపోయింది. 70 ఏళ్లు దాటినవారి ఖర్చు మాత్రం స్వీడన్‌తో పోలిస్తే డెన్మార్క్‌లోనే తక్కువగా తగ్గింది. చుట్టూ పడుచువాళ్లు ఇళ్లలో ఉండిపోతే పెద్దవాళ్లు కాస్త ధైర్యంగా గడప దాటారన్నమాట. ఒకరి మీద పెట్టిన ఆంక్ష ఇంకొకరికి స్వేచ్ఛ అయింది.

ఇక్కడితో ఆగి, లాక్‌డౌన్ వల్ల నష్టమేమీ లేదని తీర్పు చెప్పేవాళ్లున్నారు. అది తొందరపాటు. అమెరికా, డెన్మార్క్ ఫలితాలను ప్రపంచమంతటికీ అంటగట్టలేం. ఇంట్లోంచి పనిచేసే ఉద్యోగం, బ్యాంకులో కాస్త దాచుకున్న డబ్బు ఉన్నవాడు భయపడి ఇంట్లో ఉండగలడు. రెక్కాడితే గానీ డొక్కాడని మనిషి భయపడినా బయటికి వెళ్తాడు, అతన్ని ఆపేది పోలీసు లాఠీయే. అలాంటి చోట చట్టం వాటా 60లో 7 కాదు, ఇంకా చాలా ఎక్కువ ఉంటుందని నా అంచనా. నాలుగు గంటల ముందు చెప్పి లాక్‌డౌన్ పెట్టిన భారత్‌లో 2020 ఏప్రిల్-జూన్ మధ్య జీడీపీ అంతకు ముందు ఏడాదితో పోలిస్తే దాదాపు 24 శాతం పడిపోయింది. దాన్నంతా భయం ఖాతాలో రాసేయడం కుదరదు.

పెరూ కథ ఇంకా చేదు. 2020 మార్చి 16న, లాటిన్ అమెరికాలో అందరికంటే ముందు వరసలో నిలిచి, కర్ఫ్యూతో సహా కఠినంగా లాక్‌డౌన్ పెట్టింది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం దేశాల ఆంక్షలను 0 నుంచి 100 వరకు కొలిచే సూచీ నడిపింది. బడులు, ఆఫీసులు, ప్రయాణాలు, సభలు ఇలా తొమ్మిది అంశాలు చూసి మార్కులు వేసేవారు. అందులో పెరూ పైవరసలో ఉండేది. ఆ ఏడాది పెరూ జీడీపీ సుమారు 11 శాతం తగ్గింది. మరణాలు మాత్రం ఆగలేదు. శ్రామికుల్లో అత్యధికులు అసంఘటిత రంగంలో ఉన్నారు. చాలా ఇళ్లలో ఫ్రిజ్ లేదు కాబట్టి సరుకుల కోసం పదే పదే మార్కెట్‌కు పోవాలి. సర్కారు సాయం ప్రకటించింది గానీ చాలామందికి బ్యాంకు ఖాతా లేదు, డబ్బు తీసుకోవడానికి బ్యాంకుల ముందు బారులు తీరారు. వైరస్‌కు అంతకంటే ఏం కావాలి? సూచీ కొలిచింది కాగితం మీది ఉత్తర్వును. అది అమలైందో లేదో, అమలు చేసే స్థోమత ఇళ్లకు ఉందో లేదో అది చూడదు. ఆ సూచీ నడిపినవాళ్లు కూడా ఇది ఉత్తర్వుల రికార్డే తప్ప పనితీరుకు మార్కులు కాదని చెబుతూ వచ్చారు. ర్యాంకులు ప్రచురించినవాళ్లలో ఎందరు ఆ మాట విన్నారో మరి.

పెరూ నుంచే ఇంకో పాఠం. 2021 మే 31న ఆ దేశ ప్రభుత్వం నిపుణుల సమీక్ష తర్వాత తన కొవిడ్ మరణాల సంఖ్యను సుమారు 69 వేల నుంచి 1.8 లక్షలకు సవరించింది. ఒక్క ప్రకటనతో జనాభా నిష్పత్తిలో ప్రపంచంలోనే అత్యధిక మరణాల దేశమైంది. నిజాయితీగా లెక్క సరిచేసుకున్నందుకు దక్కిన బహుమతి అది. లెక్కపెట్టని దేశాలు పట్టికల్లో పదిలంగా కింద ఉండిపోయాయి. అందుకే అధికారిక మరణాలతో తయారైన ర్యాంకింగులను నేను పట్టించుకోను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మేలో ఇచ్చిన అంచనా ప్రకారం 2020, 2021 రెండేళ్లలో మామూలు కంటే అదనంగా 1.49 కోట్ల మంది చనిపోయారు. ఆ రెండేళ్లకు దేశాలు చెప్పుకున్న కొవిడ్ మరణాలు కలిపితే 54 లక్షలే.

అదనపు మరణాలు కూడా దేవుడు దిగివచ్చి చెప్పిన లెక్కేమీ కాదు. వైరస్ రాకపోయి ఉంటే ఎంతమంది చనిపోయేవారో ముందు ఊహించాలి, తర్వాత వాస్తవంలోంచి దాన్ని తీసేయాలి. ఆ ఊహ ఎంత సున్నితమైనదో జర్మనీ విషయంలో బయటపడింది. పాత ఏళ్ల మరణాల గీతను ముందుకు పొడిగించేటప్పుడు, 2019లో కాస్త తక్కువ మరణాలు నమోదు కావడంతో గీత కిందికి వంగింది. 2020, 2021లో చనిపోవాల్సినవారు తక్కువని మోడల్ అనుకుంది, దాంతో అదనపు మరణాలు ఉబ్బిపోయాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ జర్మనీకి 1.95 లక్షలుగా ప్రకటించిన అంచనాను కొన్ని వారాల్లోనే 1.22 లక్షలకు తగ్గించింది. అదే సవరణలో స్వీడన్ అంకె కొంత పెరిగింది. ఈలోగా జర్మనీ కంటే స్వీడన్ ఎంత మెరుగో చూడండంటూ వ్యాసాలు రానే వచ్చాయి. మరణాల నమోదు పక్కాగా ఉండే జర్మనీకే ఇలా అయితే, అంతంత మాత్రంగా ఉన్న చోట్ల గొడవ పడటంలో వింత లేదు. భారత్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ 47 లక్షలని అంచనా వేసింది, 2021 చివరికి అధికారిక సంఖ్య 4.8 లక్షలు. భారత ప్రభుత్వం ఆ పద్ధతినే తప్పుపట్టింది.

మరణాల లెక్క మోడల్ మీద ఆధారపడుతుంది గానీ జీడీపీ గట్టి అంకె కదా అనుకుంటే, అక్కడా అదే తంతు. బడికి వెళ్లే పిల్లల సంఖ్య, ఆసుపత్రుల్లో జరిగే ఆపరేషన్ల సంఖ్య లాంటివాటితో విద్య, వైద్యాల ఉత్పత్తిని కొలిచే దేశాల్లో బ్రిటన్ ఒకటి. బడులు మూసి, ఆపరేషన్లు వాయిదా వేస్తే అక్కడ జీడీపీ నేరుగా పడిపోతుంది. టీచర్ల జీతాలు, నిర్వహణ ఖర్చుల ఆధారంగా లెక్కగట్టే దేశంలో బడి మూసినా జీతం ఆగదు కాబట్టి జీడీపీలో ఆ దెబ్బ పెద్దగా కనిపించదు. అలా రెండు దేశాలు ఒకే పని చేసినా ఒకదాని ఆర్థిక నష్టం ఎక్కువగా కనబడుతుంది. అది చాలదన్నట్టు, 2021 చివరికి బ్రిటన్ ఆర్థిక వ్యవస్థ కొవిడ్ ముందుకంటే 1.2 శాతం కింద ఉందని చెబుతూ వచ్చిన గణాంక కార్యాలయం, 2023 సెప్టెంబరులో పూర్తి సమాచారంతో మళ్లీ లెక్కేసి 0.6 శాతం పైన ఉందని చెప్పింది. సంపన్న దేశాలన్నిటిలో బ్రిటనే వెనకబడిందన్న చర్చ పాత అంకె మీదే నడిచింది. ఎన్ని సంపాదకీయాలు వృథా అయ్యాయో.

పాత చరిత్రలో వెతికినా జవాబు అంత తేలిగ్గా చిక్కదు. 1918 ఫ్లూ సమయంలో ముందుగా, ఎక్కువ కాలం ఆంక్షలు పెట్టిన అమెరికా నగరాలు ఆర్థికంగా దెబ్బతినలేదని, పైగా తర్వాత బాగా కోలుకున్నాయని 2020లో వచ్చిన ఒక అధ్యయనం అందరినీ ఆకట్టుకుంది. ఆంక్షలు పెట్టిన నగరాల్లో చాలావరకు ఫ్లూ రాకముందు నుంచే వేగంగా ఎదుగుతున్న పశ్చిమ ప్రాంతపు నగరాలని ఇంకో బృందం వెంటనే ఎత్తిచూపింది. మళ్లీ అదే ప్రశ్న, దేనితో పోల్చి?

లాక్‌డౌన్ల వల్ల దక్కిన ప్రాణాల విషయంలోనూ ఇంతే. 11 ఐరోపా దేశాల్లో 2020 మే నాటికి 31 లక్షల మంది ప్రాణాలు దక్కాయని లండన్ ఇంపీరియల్ కాలేజీ బృందం చెప్పింది. ఆ మోడల్‌లో జనం తమంతట తాము జాగ్రత్తపడటానికి పెద్దగా చోటు లేదు, ఆపేదల్లా ప్రభుత్వమే. 2022లో ముగ్గురు ఆర్థికవేత్తలు పాత అధ్యయనాలను కలిపి చూసి లాక్‌డౌన్లు మరణాలను తగ్గించింది 0.2 శాతమేనన్నారు, కొన్ని నెలలకు దాన్ని 3.2 శాతం చేశారు. వాళ్ల నిర్వచనంలో ప్రభుత్వం తప్పనిసరి చేసిన ఏ ఒక్క నిబంధనైనా లాక్‌డౌనే. ఏ శిబిరానికి కావలసిన అంకె ఆ శిబిరానికి సిద్ధంగా ఉంది.

అలాగని ఏదీ తేల్చలేమని చేతులెత్తేయడం నాకు ఇష్టం లేదు. లాక్‌డౌన్ అనే మూటను విప్పి ఒక్కో నిర్ణయాన్ని విడిగా చూస్తే చాలా విషయాలు తేలతాయి. పేదరికం సంగతే తీసుకోండి. 2020లో ప్రపంచంలో దుర్భర పేదరికంలో ఉన్నవారి సంఖ్య సుమారు 7 కోట్లు పెరిగిందని ప్రపంచ బ్యాంకు అంచనా. అదే ఏడాది అమెరికాలో ప్రభుత్వ సాయాన్ని కలుపుకొని లెక్కించే పేదరిక రేటు 11.8 శాతం నుంచి 9.1 శాతానికి తగ్గింది. జీడీపీ పడింది, కోట్ల ఉద్యోగాలు పోయాయి, అయినా పేదరికం తగ్గింది. ఇళ్లకు నేరుగా చెక్కులు పంపారు, నిరుద్యోగ భృతి పెంచారు. కాబట్టి మూసివేత ఎంత బాధ పెడుతుందన్నది మూసివేతను బట్టి మాత్రమే ఉండదు, ఆ మర్నాడు ఎవరి చేతికి ఎంత డబ్బు చేరిందన్నదాన్ని బట్టి కూడా ఉంటుంది. సాయం ఇవ్వలేని, ఇవ్వని ప్రభుత్వాలు పెట్టిన కఠిన ఆంక్షలే అన్నిటికంటే చెడ్డ బేరం.

బడుల విషయంలో నేను ఇంకా గట్టిగా మాట్లాడతాను. 2020 వసంతంలో ఏమీ తెలియని రోజుల్లో మూసినందుకు ఎవరినీ తప్పుపట్టను. ఒక దశలో ప్రపంచవ్యాప్తంగా సుమారు 160 కోట్ల మంది విద్యార్థులు ఇళ్లలో ఉన్నారు. కానీ పిల్లలకు ముప్పు తక్కువని, తెరిచిన చోట్ల కొంప మునగలేదని తెలిశాక కూడా 2021 అంతా మూసి ఉంచడానికి సమర్థన దొరకదు. ఉగాండాలో బడులు పూర్తిగా తెరుచుకున్నది 2022 జనవరిలో. దాదాపు రెండేళ్లు. పేద, మధ్యాదాయ దేశాల్లో పదేళ్ల వయసుకు చిన్న పాఠం చదివి అర్థం చేసుకోలేని పిల్లలు 57 శాతం నుంచి 70 శాతానికి చేరి ఉంటారని ప్రపంచ బ్యాంకు, యునెస్కో, యునిసెఫ్ తదితర సంస్థలు కలిసి 2022లో అంచనా వేశాయి. ఈ తరం జీవితకాలంలో పోగొట్టుకునే సంపాదన నేటి విలువలో 21 లక్షల కోట్ల డాలర్లని కూడా చెప్పాయి. ఈ రెండో అంకెను జాగ్రత్తగా వాడాలి. పోయిన చదువు ఎప్పటికీ తిరిగి రాదన్న ఊహ దాని వెనక ఉంది. స్వీడన్ చిన్నపిల్లల బడులు తెరిచే ఉంచింది, అయినా వివిధ దేశాల విద్యార్థులను పోల్చే పీసా పరీక్షల్లో 2022లో దాని గణితం స్కోరు 502 నుంచి 482కు పడింది. కాబట్టి తగ్గిన ప్రతి మార్కూ తాళం కప్ప వల్లే అనలేం. ఇవన్నీ పక్కన పెట్టినా అసలు విషయం మారదు. బార్లు, రెస్టారెంట్లు తెరిచి బడులు మూసిన చోట్ల ఆ త్రైమాసికపు జీడీపీలో ఈ నష్టం ఒక్క పైసా కూడా కనబడలేదు. కనబడలేదు గనకే అంత తేలిగ్గా మూసి ఉంచగలిగారు.

ఇన్ని అధ్యయనాలు ఇలా గుడ్డిగా తడుముకోవడానికి కారణం, నిర్ణయాలు తీసుకునేటప్పుడే కొలిచే ఏర్పాటు చేసుకోకపోవడం. చేసుకున్న కొద్దిచోట్ల ఫలితం దొరికింది. 2020 మే, జూన్‌లలో నార్వే రాజధాని ఓస్లోలో జిమ్‌లు తెరవాలా వద్దా అని తేల్చడానికి 3,764 మందిని యాదృచ్ఛికంగా రెండు గుంపులు చేసి ఒక గుంపునే లోపలికి పంపారు. అప్పటి తక్కువ వ్యాప్తిలో, శుభ్రత, దూరం నిబంధనలతో జిమ్‌కు వెళ్లినందువల్ల వైరస్ పెరగలేదని కొన్ని వారాల్లోనే తెలిసింది. బంగ్లాదేశ్‌లో 600 గ్రామాల్లో, 3 లక్షల మందికి పైగా పెద్దలతో మాస్కుల ట్రయల్ చేశారు. ఉచితంగా పంచి, పదే పదే గుర్తు చేస్తే మాస్కు సరిగ్గా వేసుకునేవారు 13 శాతం నుంచి 42 శాతానికి పెరిగారు. లక్షణాలతో వచ్చి, రక్త పరీక్షలో నిర్ధారణైన కేసులు దాదాపు 9 శాతం తగ్గాయి. మహాద్భుతమూ కాదు, దండగా కాదు. కానీ ఒక చర్య ఖర్చెంత, ఫలితమెంత అన్నది పక్కపక్కన పెట్టి చూసే వీలు దొరికింది.

బడులను దశలవారీగా తెరిచేటప్పుడు ఏవి ముందో లాటరీతో తేల్చి ఫలితాలు పోల్చుదామన్న ప్రతిపాదన కూడా నార్వేలోనే వచ్చింది. అది జరగలేదు. పిల్లల మీద ప్రయోగాలేంటన్నది ఇలాంటి వాటికి మామూలుగా వచ్చే అభ్యంతరం. ఎలాగూ అన్నీ ఒకే రోజు తెరవని చోట, ఏ వారం ఏ బడి అన్నది ఎవరో ఒక అధికారి నిర్ణయిస్తాడు. ఆ పని ఆయన కలం బదులు చీటీ చేస్తే పిల్లలకు అదనంగా వచ్చే ప్రమాదం ఏమీ లేదు, రెండు నెలల్లో జవాబు మాత్రం వస్తుంది. దేశాలు రాసుకుంటున్న కొత్త మహమ్మారి ప్రణాళికల్లో టీకాలు, మాస్కుల నిల్వల గురించి పేజీలకు పేజీలు ఉంటాయి. ఇలాంటి లాటరీకి అనుమతి ఎవరివ్వాలి, నైతిక కమిటీ ఎన్ని రోజుల్లో తేల్చాలి అన్న రెండు వాక్యాలు కూడా వాటిలో చేరాలి. వైరస్ వచ్చాక రాసుకుందామంటే కుదరని వాక్యాలవి.